తివాచీ మీద తెల్ల గుర్తులు

పొగమంచుకి చప్పుడు లేదు.

స్టేజి వెనక పరదా సందుల్లోంచి వస్తుంది. తీగల మీదుగా, పెట్టెల మీదుగా, నేల మీద పాకుతూ వస్తుంది. వచ్చి డ్రమ్స్ చుట్టూ నిలబెట్టిన సింబళ్ళ మీద కూర్చుంటుంది. కంచు పళ్ళేల మీద సన్నని చెమట.

దఫీషా గుడ్డతో తుడుస్తుంది.

మళ్ళీ వస్తుంది.

మళ్ళీ తుడుస్తుంది.

షిల్లాంగులో వానలు వెళ్ళిపోయే రోజులు... వెళ్ళీ వెళ్ళకుండా ఉండే రోజులు. ఫుట్‌బాల్ మైదానానికి ఒక చివర ఇనుప గొట్టాలతో కట్టిన స్టేజి. గోల్‌పోస్టు మీద ఎవరో తడిసిన చొక్కా ఆరేశారు. అది ఆరదు. సాయంత్రం ఇక్కడ బ్యాండ్ వాయిస్తుంది.

కిట్‌బోక్ పోయాక ఇదే మొదటిసారి.

కిట్‌బోక్ ఆమె అన్న. బ్యాండ్‌లో డ్రమ్స్ అతనివే. ఆ డ్రమ్స్‌ని మోయడం, నిలబెట్టడం, బిగించడం, తుడవడం... అవన్నీ ఆమెవి.

చలికాలంలో పోయాడు. పొద్దున, బల్ల ముందు కూర్చుని, టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని. మేయ్, వాళ్ళ అమ్మ, పొయ్యి మీంచి అన్నం దించుతోంది. కప్పు కింద పడలేదు. అందుకే కాసేపు ఎవరికీ తెలియలేదు.

పరలోకంలో ఇప్పుడొక మంచి డ్రమ్మర్ ఉన్నాడని చర్చిలో పాస్టరు అన్నారు. జనం ఏడ్చారు. దఫీషా పాస్టరు బూట్ల వైపు చూసింది. ఎడమ బూటు లేసు ఊడి ఉంది.

అప్పటినుంచీ అంతే.

లేసు ఊడి ఉంటే ఊడి ఉందని తెలుస్తుంది. అన్నం మాడితే వాసన తెలుస్తుంది. అంతకు మించి లోపలికి ఏదీ రాదు. పాటలూ అంతే. టాక్సీల్లో, పక్కింటి కిటికీలో, టీ దుకాణంలో పాటలు మోగుతూనే ఉంటాయి. గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి రమ్మనేవాళ్ళు లేక అక్కడే నిలబడిపోయిన చుట్టాల్లా.

ఒకప్పుడు ఇలా కాదు.

ఒకప్పుడు ఆమె అన్న భుజాల మీద కూర్చుని మొదటి కచేరీ చూసింది. చూసిందంటే... గొడుగులు చూసింది. మైదానం నిండా నల్ల గొడుగులు. కింద మనుషులున్నారో లేదో తెలియదు. సముద్రాల అవతలి నుంచి ఒక ముసలి బ్యాండ్ వచ్చింది. జుట్టు నెరిసినవాళ్ళు. వాళ్ళకి షిల్లాంగు ఎక్కడుందో కూడా తెలిసి ఉండదు. షిల్లాంగుకి మాత్రం వాళ్ళ ప్రతి పాటా తెలుసు.

ఊరంతా వచ్చింది. చర్చి గాయక బృందాలు వచ్చాయి. పట్టు జైన్సెమ్‌లు కట్టుకుని, కొంగున వక్కాకు క్వాయ్ మూటలు ముడేసుకుని అవ్వలు వచ్చారు. పాట మొదలయ్యే ముందే జనం పాడారు. పైన గాయకుడు నోరు తెరిచి... మూసేశాడు. మైకు జనం వైపు తిప్పి నిలబడ్డాడు.

పక్కన ఒక అవ్వ వక్క నములుతూ అంది: "వీడికి రాకపోతే మనమే పాడతాం. టికెట్ కొన్నాక ఊరుకుంటామా?"

దఫీషా నవ్వలేదు. ఆమె చెవులు అక్కడ లేవు. పెద్ద డ్రమ్ మోగినప్పుడల్లా అన్న మెడ అదిరేది. ఆ అదురు ఆమె కాళ్ళలోకి వచ్చేది. కాళ్ళలోంచి పొట్టలోకి.

"బా," అని అన్నని పిలుస్తూ, వంగి అతని చెవిలో అరిచింది. "అది ఏంటి? ఆ కిందనుంచి వచ్చేది?"

"అదే డ్రమ్."

"మనింటికి తీసుకెళ్దాం."

"మేయ్ ఇంట్లోకి రానిస్తుందా? నిన్నూ నన్నూ రానివ్వడమే ఎక్కువ."

మేయ్ రానిచ్చింది. గొణుక్కుంటూ, తలుపు వారగా జరిగి రానిచ్చింది.

ఆ తర్వాతి ఏళ్ళన్నీ వాన, పాట, బురద. వెదురు కంచెకి పొట్ట ఆనించి నిలబడ్డ సాయంత్రాలు. బురదలో ఒక చెప్పు పోగొట్టుకుని, రెండోది చేత్తో పట్టుకుని, గొంతు పోయి, నవ్వుతూ ఇంటికి నడిచిన దారులు. దేవదారుల కింద తడిసిన పొగరాయుళ్ళు. మర్నాడు మేయ్ దుకాణంలో మాంసం కలిపి వండిన జాడో వడ్డిస్తూ, మాట పెగలక సైగలు చేసిన పొద్దులు.

"మూగది దొరికింది నాకు," అనేది మేయ్ గిరాకీలతో. "పాటలు దీని నాలుక తినేశాయి. మీరు వేళ్ళు చూపించండి, ఎన్ని ముక్కలు కావాలో వేస్తుంది."

అప్పుడు ఆమె స్టేజి ముందు ఉండేది.

తర్వాత వెనక్కి వెళ్ళింది.

అలా వెళ్ళింది ఒక పాట మధ్యలో. కిట్‌బోక్ కొత్తగా బ్యాండ్‌లో చేరిన రోజులు. కాలేజీ ప్రాంగణంలో నున్నటి చెక్క స్టేజి. అతను పెడల్ తొక్కిన కొద్దీ పెద్ద డ్రమ్ ముందుకి జారిపోతోంది. అతను దాని వెంట జరుగుతున్నాడు. కూర్చున్న పీటతో సహా. జనం నవ్వుతున్నారు. దఫీషా కంచె దాటింది. స్టేజి ఎక్కింది. డ్రమ్ ముందు చతికిలబడి, దానికి వీపు ఆనించి, కాళ్ళు నేలకి తన్ని పట్టి కూర్చుంది.

పాట అయ్యేదాకా.

ప్రతి దెబ్బా వెన్నులోకి. ప్రతి దెబ్బా.

కిందికి దిగాక బా టైబోర్ ఆమెకి నీళ్ళ సీసా ఇచ్చాడు. గిటార్ అతనిది, బ్యాండ్ కూడా అతనిదే.

"నీ చెల్లెలా?" అని కిట్‌బోక్‌ని అడిగాడు.

"అవును బా."

"నీకంటే లయలో ఉంది. నువ్వెళ్ళి ముందు కూర్చో, తనని వాయించమందాం."

ఆ వారమే కిట్‌బోక్ మేయ్ ముందుగదిలోని ఎర్ర తివాచీ చుట్టి భుజానేసుకున్నాడు. తివాచీ వేస్తే డ్రమ్ జారదు.

మేయ్ వాకిట్లో నిలబడి చూసింది. "మనలో మగపిల్లాడు పెళ్ళయ్యాక అత్తారింటికి పోతాడని తెలుసు. పెళ్ళి కాకముందే, నా తివాచీతో సహా పోతాడనుకోలేదు."

అతను అత్తారింటికి పోలేదు. పెళ్ళి చేసుకోలేదు. తివాచీ మాత్రం తిరిగి ముందుగదిలోకి రాలేదు.

దాని మీద గుర్తులు వేశారు. డ్రమ్స్ వాయించేవాళ్ళందరి తివాచీల మీదా ఉంటాయి. ప్రతి స్టాండు కాలు ఎక్కడ ఆనాలో అక్కడ తెల్ల టేపు ముక్క. పీట ఎక్కడ. పెద్ద డ్రమ్ ఎక్కడ. చీకట్లో నిలబెట్టినా, వానలో నిలబెట్టినా, పరాయి ఊళ్ళో నిలబెట్టినా... కూర్చుని కళ్ళు మూసుకుని చెయ్యి చాస్తే, ఉండాల్సిన చోట ఉండాల్సింది ఉండాలి. ఇంట్లో మంచినీళ్ళ కుండలాగా.

ఒక మనిషి చెయ్యి ఎంత పొడవో, కాలు ఎంత దూరం చాస్తాడో, ఎటు ఒరుగుతాడో... అంతా ఆ తివాచీ మీద ఉండేది.

కోహిమా వెళ్ళారు. ఐజాల్ వెళ్ళారు. జొవాయి, తురా. ఎక్కడికెళ్ళినా ముందు తివాచీ పరిచేది. అది పరిచాక అది ఏ ఊరో ఆమెకి పట్టేది కాదు.

జనానికి ముఖాలు తెలుసు. ఆమెకి వీపులు తెలుసు. ఆమెకి తెలిసిన పాటలన్నీ వీపులే. ఏ పాటలో అన్న చొక్కా మీద చెమట ఎంతవరకు దిగుతుందో తెలుసు. కుడి భుజం లేస్తే... అప్పుడు పెద్ద సింబల్. కుడి భుజం ఇంకా పైకి లేస్తే పాట ఆఖరు.

పాటకీ పాటకీ మధ్య ఆమె గుడ్డతో వెళ్ళేది. ఎడమ పక్కనుంచి. అతను తిరిగి చూసేవాడు కాదు. కుడివైపుకి కాస్త ఒరిగేవాడు, ఆమె చెయ్యి పట్టేంత.

అంతే. అన్నాచెల్లెళ్ళ మధ్య అంతకంటే మాటలుండేవి కావు.

అతను పోయాక, వేసవి చివర్లో బా టైబోర్ ఇంటికి వచ్చాడు. మేయ్ పెట్టిన క్వాయ్ నోట్లో వేసుకోకుండా చేతిలోనే పట్టుకు కూర్చున్నాడు.

వాళ్ళ ఆచారంలో ఇల్లు చిన్నకూతురిది. ఇంట్లో ఉన్నవన్నీ చిన్నకూతురి చేతి కిందివే. డ్రమ్స్ కూడా. అందుకని దఫీషానే అడిగాడు.

"ఒకమ్మాయి ఉంది, దఫీ. రిదాలిన్ అని. జొవాయి అమ్మాయి. చర్చిలో వాయిస్తుంది. మంచి చెయ్యి."

"ఊఁ."

"ఎడమచేతి వాటం. కాలు కూడా ఎడమదే."

"ఊఁ."

"సొంత డ్రమ్స్ లేవు. నువ్వు వద్దంటే అద్దెకి తెస్తాం. నువ్వనకుండా ఒక్క మర కూడా కదలదు."

మేయ్ వంటగదిలోంచి అంది: "దాన్నేం అడుగుతావయ్యా? ఇప్పుడది ఇల్లు అమ్ముదామా అన్నా ఊఁ అంటుంది."

కిటికీ అవతల మంచు.

"తీసుకెళ్ళండి బా," అంది దఫీషా. "నేనే వచ్చి నిలబెడతాను."

ఏమీ అనిపించడం లేదు కాబట్టి ఏమీ పోదనుకుంది.

ఈ పొద్దున లారీలోంచి తివాచీ దించింది. పరిచింది. దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడింది. చేతులు వాటి పని అవి చేశాయి. పెద్ద డ్రమ్ కాళ్ళు గుర్తుల మీద. పీట గుర్తు మీద. ఒకదానిమీద ఒకటి మూసుకునే జంట పళ్ళేల స్టాండు, ఎడమ పక్క. పెద్ద సింబల్, కుడి పక్క. మరలు బిగించింది. గుడ్డ తీసి తుడిచింది.

అంతా అయ్యాక వెనక్కి వచ్చి నిలబడి చూసింది.

ఏ తప్పూ కనిపించలేదు.

బా టైబోర్ చూశాడు. చూసి, ఇప్పటికే శ్రుతిలో ఉన్న గిటార్‌ని మళ్ళీ శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టాడు. దీపాలతను చూశాడు. చూసి, నిచ్చెన ఎక్కి వెలుగుతున్న దీపాన్నే ఇటూ అటూ తిప్పాడు.

రిదాలిన్ వచ్చింది. పొట్టిగా, గుండ్రటి ముఖం, ఉన్ని టోపీ. కర్రలు వెనక జేబులో. డ్రమ్స్ ముందు ఆగింది. తివాచీని చూసింది. తెల్ల గుర్తుల్ని చూసింది. ఆమెకి అర్థమైంది. ఆమెకూ ఒక తివాచీ ఉండే ఉంటుంది ఎక్కడో, జొవాయి చర్చిలో.

"నమస్తే కాంగ్," అక్కని పిలిచినట్టు అంది దఫీషాతో.

వెళ్ళి అతని పీట మీద కూర్చుంది. అతని ఎత్తులో. అతని దూరంలో. ఏమీ జరపలేదు.

"దఫీ," అన్నాడు బా టైబోర్, తల ఎత్తకుండా. "నువ్వు కిందకెళ్ళి మైదానంలోంచి విను. ఇక్కడ నీ చెవికి మించింది లేదు."

ఆమె దిగింది. తడి గడ్డి. మైదానం మధ్యదాకా నడిచి తిరిగి నిలబడింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ముందునుంచి చూస్తోంది. డ్రమ్స్ వెనక ఒక ముఖం ఉంది. డ్రమ్స్‌కి ముఖం ఉంటుందని మర్చిపోయింది.

పాట మొదలైంది.

గిటార్ వచ్చింది. గొంతు వచ్చింది. కింద డ్రమ్... వచ్చింది.

ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆలస్యంగా. తనది కాని కాలితో తొక్కుతోంది ఆ అమ్మాయి. చేతులు ఒకదాన్నొకటి తప్పించుకుంటున్నాయి. పెదవి కొరుక్కుంటోంది. పాట నడుస్తోంది, కుంటుతూ. టికెట్ కొని సాయంత్రం వచ్చేవాళ్ళలో సగం మందికి తెలియదు. మిగతా సగానికి ఎందుకు బాలేదో తెలియదు... బాలేదని మాత్రం తెలుస్తుంది.

దఫీషాకి తెలిసింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎడమచేతి వాటం. కాలు కూడా ఎడమదే. బా టైబోర్ చెప్పాడు. తను ఊఁ అంది. అన్నీ అన్న కుడిచేతి వాటానికే నిలబెట్టింది.

ఏడుపు రాలేదు. సిగ్గు కూడా రాలేదు. చెవిలో ఏదో నలక పడ్డట్టుంది, అంతే. ఆ ఆలస్యం. ఆ వెంట్రుక. చిన్నప్పటినుంచీ అది మాత్రం ఆమె భరించలేదు. మాడిన అన్నమైనా తింటుంది గాని లయ తప్పిన పాట వినదు.

పాట మధ్యలోనే నడిచి వచ్చి స్టేజి ఎక్కింది. చెయ్యి ఎత్తింది. గిటార్ ఆగింది.

"ఫర్వాలేదు కాంగ్," అంది రిదాలిన్ గబగబా. "నాకిలాగే ఉండనివ్వండి. ఒకట్రెండు పాటలైతే అలవాటు పడతాను."

"అలవాటు పడకు."

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట.

"దిగు," అంది, ఈసారి మెల్లిగా. "దిగి నాకో చెయ్యి వెయ్యి."

అన్నీ తీశారు. తివాచీ ఖాళీ అయింది. ఎర్రటి దాని మీద తెల్ల గుర్తులు... ఎవరూ లేని ఇంట్లో పీటలు వేసినట్టు.

కొత్త గుర్తులు పాతవాటి మధ్య వేయొచ్చు. కొందరు వేస్తారు, ఇంకో రంగు టేపుతో. కానీ చీకట్లో స్టాండు కాలు ఏ గుర్తు మీద ఆనాలో తెలియక తప్పు జరుగుతుంది. ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. తివాచీ ఒకరిదే.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది.

గోరుతో మొదటి ముక్క అంచు లేపింది. అది రాలేదు. ఏళ్ళనాటి జిగురు. గోరు మడత పడింది. మళ్ళీ లేపింది. ఒక పొర వచ్చింది. దాని కింద ఇంకో పొర. దాని కింద, కాస్త పక్కగా, ఇంకా పాతది. గుర్తుల కింద గుర్తులు. పెద్ద సింబల్ స్టాండు ఏడాదికేడాది లోపలికి జరిగింది. కిట్‌బోక్ అనేవాడు, "ఒక వేలు ఇటు, దఫీ." ఆమె జరిపేది.

బా టైబోర్ ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆ వరసని చూశాడు.

"ముసలాడవుతుంటే సింబళ్ళే నడిచొస్తాయనేవాణ్ణి వాడితో," అన్నాడు. "వాడేమనేవాడో తెలుసా? నీ గిటార్‌కి నడక రాదు కాబట్టి నీ పొట్టే ముందుకి నడుస్తోంది బా, అని."

నవ్వబోయాడు. లేచి వెళ్ళి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. అతని వీపు కదిలింది.

దఫీషా అతని వీపుని చూసింది. వీపులు ఆమెకి తెలుసు.

తన వీపు కదలలేదు.

ఇంకో ముక్క. ఇంకో ముక్క. రిదాలిన్ అటు చివర్నుంచి మొదలుపెట్టింది. అడగకుండానే, నెమ్మదిగా, పుండు మీద పట్టీ తీస్తున్నట్టు. పీట గుర్తుల దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇవి మీరు తీస్తారా కాంగ్?"

"నువ్వే తియ్యి. కూర్చునేది నువ్వే."

ఆ అమ్మాయి తీసింది. టేపు ముక్కని ఎక్కడ పడెయ్యాలో తెలియక అరచేతిలో పట్టుకుంది. దఫీషా చెయ్యి చాచింది. అన్నిటినీ కలిపి గుప్పిట్లో నొక్కింది. చిన్న ముద్ద. దుమ్ము, దారప్పోగులు. ఒక మనిషి కూర్చున్న చోటు.

స్టేజి కింద చెత్తకి పెట్టిన సంచి ఉంది. దాని దగ్గరికి నడిచింది. పడేసింది.

ఎవరో ఆపుతారనుకుంది. ఎవరూ ఆపలేదు. తనే ఆగిపోతాననుకుంది, ఆగలేదు.

వేళ్ళకి జిగురు మిగిలింది. గుడ్డ పట్టుకుంటే గుడ్డ అంటుకుంది. టీ కప్పు పట్టుకుంటే కప్పు అంటుకుంది. ప్యాంటుకి రుద్దుకుంది. పోలేదు.

"కూర్చో," అంది రిదాలిన్‌తో. "కళ్ళు మూసుకో. చెయ్యి చాచు. ఎక్కడ ఆగితే అక్కడ చెప్పు."

అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఎడమ చెయ్యి గాల్లోకి వెళ్ళింది, వెతికింది, ఆగింది.

"ఇక్కడ."

దఫీషా స్టాండు తెచ్చి ఆ వేళ్ళ కింద నిలబెట్టింది. కొత్త టేపు చింపింది. అతికించింది.

"ఇక్కడ కాంగ్."

చింపింది. అతికించింది.

"కాస్త దూరం... ఇంకాస్త. నా చేతులు పొట్టివి గాని పొగరు ఎక్కువంటుంది మా మేయ్."

"మేయ్‌లందరూ అదే అంటారు."

అది తన గొంతే. ఎక్కడో పక్కగదిలోంచి వచ్చినట్టు వినిపించింది.

ఐదింటికే చీకటి దిగడం మొదలుపెట్టింది. జనం వచ్చారు. ముందు మాటలు వచ్చాయి, తర్వాత గొడుగులు. మొక్కజొన్న కాల్చే వాసన. వెదురు కంచె దగ్గర ఒకమ్మాయి పొట్ట ఆనించి, పైకి నిక్కి, ఇంకా ఎవరూ లేని స్టేజి వైపు కళ్ళార్పకుండా చూస్తోంది. దఫీషా ఆ పిల్లని చూసింది. ఆ పిల్ల ఆమెని చూడలేదు. స్టేజి వెనకవాళ్ళని ఎవరూ చూడరు.

దీపాలు వెలిగాయి. బా టైబోర్ మైకు ముందుకెళ్ళి ఏదో చెప్పబోయాడు. కిట్‌బోక్ పేరు చెప్పబోయాడు. జనం ముందే చెప్పేశారు. ఆ పేరు మైదానమంతా తిరిగి, కొండకి తగిలి, కాస్త ఆలస్యంగా వెనక్కి వచ్చింది.

ఆమె తన చోట నిలబడింది. వెనక. గుడ్డ చేతిలో. గుడ్డ వేళ్ళకి అంటుకుని ఉంది.

రిదాలిన్ కర్రలు పైకెత్తి ఒకదానితో ఒకటి కొట్టింది.

పాట.

ఆమె కళ్ళు అలవాటుగా కుడి భుజం మీదే ఉన్నాయి. అది లేవలేదు. అక్కడ ఎదురుచూశాయి. లేవలేదు.

ఎడమది లేచింది.

సింబల్ మీది మంచు ఒక్క దెబ్బకి ఎగిరింది. దీపం వెలుగులో పొడిలా లేచి, ఒక క్షణం అక్కడే ఆగి... లేదు. కింద డ్రమ్ సరైన చోట పడింది. సరైన క్షణంలో. వెంట్రుక అటూ ఇటూ లేదు. ఆమె చెవికి ఏ తప్పూ దొరకలేదు. వెతికింది. దొరకలేదు.

చెక్కలు అదురుతున్నాయి. కాళ్ళ కింద అదురు ఉందని తెలుస్తోంది. మడమల దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

లేక ఇంకా వస్తోందేమో. చెప్పలేకపోయింది.

జనం పాడటం మొదలుపెట్టారు, గాయకుడి కంటే ముందు.

వెనక పరదా సందుల్లోంచి పొగమంచు వచ్చింది. తీగల మీదుగా, పెట్టెల మీదుగా, ఆమె కాళ్ళ మధ్యనుంచి వెళ్ళింది. తివాచీ ఎక్కింది. కొత్త గుర్తుల్ని కప్పింది. చప్పుడు లేకుండా సింబళ్ళ దాకా పాకింది.

ఈ పాట అయ్యాక తుడవాలి.

ఇక ఎడమ పక్కనుంచి వెళ్ళడం కుదరదు. అటు ఇప్పుడు పెద్ద సింబల్ ఉంది, సందు లేదు. కుడి పక్కనుంచి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ అమ్మాయి ఎటు ఒరుగుతుందో... అసలు ఒరుగుతుందో లేదో తెలియదు.

దఫీషా కుడివైపుకి ఒక అడుగు వేసింది.

ఆగింది.

పాట ఇంకా ఉంది.